విద్యుత్ కారు కొనదలచిన రైతు ముందుగా చూడవలసినది

గ్రామములకు పోయినపుడెల్ల ఎరువుల సంగతియు తెగుళ్ల సంగతియు ముగిసిన పిమ్మట రైతులు మమ్ము అడుగు ప్రశ్న యొకటి ఇటీవల బయలుదేరినది. "అయ్యా, కరెంటు కారు కొనవచ్చునా? మన పల్లెటూరి ఇంట దానికి ఛార్జి ఎక్కునా?" అని. మా పని పైరుల పనియే గాని కార్ల పని కాదు. అయినను కారుపై పెట్టు పది లక్షలును చేనిలోనుండి రావలసినవే కావున ఈ ప్రశ్నను త్రోసివేయుట మాకు తగదని తోచినది. విచారించి తెలిసికొన్నంత మట్టుకు ఇచట వ్రాయుచున్నాము.

కారు కొనబోవువారు సాధారణముగా ముందు దుకాణమునకు పోయి రంగును, సీట్లను చూతురు; బయానా ఇత్తురు; కారు ఇంటికి వచ్చిన దినమున ప్లగ్గు ఎక్కడ పెట్టుదమా యని గోడలు వెదకుదురు. ఇది ఎద్దులను కొని తెచ్చిన పిమ్మట కొట్టము వేయుటవంటిది. విద్యుత్ కారు విషయమున ముందు చూడవలసినవి ఇంటి మీటరు, ఇంటిలోని తీగ, భూమిలోని ఎర్తు. ఈ మూడును సరిగా లేని యింటికి ఎంత మంచి కారు వచ్చినను సుఖము లేదు. ఒక్కొకచో ప్రాణభయము కూడ కలదు.

ఈ కార్లు నిన్న నేడు పుట్టినవి కావు. 2001లోనే బెంగుళూరున రేవా యను చిన్న కారు తయారై అమ్మకమునకు వచ్చెను. అది సీసపు బ్యాటరీలతో నడచెడిది. మన ట్రాక్టరులో నుండునట్టి సీసపు బ్యాటరీకి బరువు మెండు, నిలుపుకొను శక్తి కొంచెము. అందుచే ఆ కారు పట్టణపు వీథులు దాటి పోలేదు. లిథియము బ్యాటరీ చౌకయైన పిమ్మట స్థితి మారినది. 2020 జనవరిలో టాటావారి నెక్సాన్, 2022 సెప్టెంబరులో వారిదే టియాగో, 2024 నవంబరులో మహీంద్రావారి పెద్ద కార్లు వెలువడినవి. ఆకుపచ్చ నంబరు పలకలు గల ఈ బండ్లు ఇప్పుడు పల్లెల రోడ్లమీద సైతము కానవచ్చుచున్నవి.

బ్యాటరీని నీటితొట్టివలె తలచినచో లెక్క సులభముగా తెలియును. మీటరుపై తిరుగు యూనిట్లలోనే దాని కొలతయు చెప్పుదురు. 2022లో వచ్చిన టియాగోలో పెద్ద బ్యాటరీ 24 యూనిట్లు పట్టునది. అయిదు గుఱ్ఱముల పంపుసెట్టు గంటకు ఇంచుమించు నాలుగు యూనిట్లు త్రాగును గదా. అది ఆరు గంటలు నడచుటకు పట్టు కరెంటు ఈ తొట్టిలో ఇముడును. ఆ నిండు తొట్టితో 315 కిలోమీటర్లు పోవునని అమ్మువారు ప్రకటించిరి. అది పరీక్షలోని లెక్క. విత్తనపు సంచిమీద వ్రాసిన దిగుబడికిని మన చేని దిగుబడికిని గల భేదమే ఇందునను ఉన్నది. వేసవిలో ఏసీ నడపుచు, నలుగురు మనుష్యులతో పోయినచో, చెప్పినదానిలో మూడింట రెండు పాళ్లు వచ్చిన చాలుననుకొనవలెను.

ఇక ఖర్చు. చిన్న కారు నూరు కిలోమీటర్లు నడచుటకు, ఛార్జి ఎక్కునపుడు వేడిగా పోవు తరుగును కలుపుకొని, మీటరుపై 15 యూనిట్లు తిరుగునని ఉంచుదము. నెలకు వేయి కిలోమీటర్లు తిరుగు రైతుకు 150 యూనిట్లు కావలెను. అతని ఇంటి వాడుక ఇదివరకే 120 యూనిట్లనుకొందము. ఆంధ్రప్రదేశమున 2022 ఏప్రిల్ నెలలో అమలునకు వచ్చిన ధరల పట్టీ ప్రకారము ఇంటి కరెంటు మొదటి 30 యూనిట్లకు యూనిటు 1.90 రూపాయలు, పిదప 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఈ మెట్లనుబట్టి 120 యూనిట్లకు 394 రూపాయల 50 పైసలును, 270 యూనిట్లకు 1,410 రూపాయల 75 పైసలును అగును. అనగా కారు మేతకు నెలకు 1,016 రూపాయలు. సర్దుబాటు ఛార్జీలు, సుంకము వేరు. లీటరుకు 16 కిలోమీటర్లు పోవు పెట్రోలు కారు అంతే దూరమునకు 62 లీటర్లకు పైగా త్రాగును. లీటరు నూరు రూపాయలకే దొరకినదనుకొన్నను 6,250 రూపాయలు. నెలకు అయిదువేల పైచిలుకు, ఏటికి అరువది వేలకు పైగా మిగులును.

ఈ లెక్క విని తొందరపడరాదు. మన రైతులలో అధికులు నెలకు వేయి కిలోమీటర్లు తిరుగరు. పెండ్లికిని, ఆసుపత్రికిని, సంతకును కలిపి 300 కిలోమీటర్లు తిరుగువానికి పెట్రోలు ఖర్చు 1,875 రూపాయలు, కరెంటు ఖర్చు 262 రూపాయలు. మిగులు నెలకు 1,600 మాత్రమే. విద్యుత్ కారునకు అదే తరగతి పెట్రోలు కారుకన్న మూడు లక్షలు ఎక్కువ పెట్టినచో, మొదటివానికి ఆ సొమ్ము అయిదేండ్లలో తిరిగి వచ్చును. రెండవవానికి పదునైదేండ్లు పట్టును. బ్యాటరీకి కంపెనీలవారు సామాన్యముగా ఇచ్చు పూచీయే 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్లు. కావున రెండవవాడు ఈ కారు కొనకుండుటయే మేలని మా అభిప్రాయము. ప్రతిదినము పాలు చేర్చువారు, కూరగాయలు రైతుబజారునకు తీసికొనిపోవువారు, బిడ్డలను పట్టణపు బడికి దింపి తెచ్చువారు, ఇట్టివారికే ఇది గిట్టును.

పన్నుల విషయమై దుకాణములలో పలువిధముల మాటలు చెప్పుదురు. విద్యుత్ కార్లపై జి.ఎస్.టి. 2019 ఆగష్టు 1వ తేదీన నూటికి 12 నుండి 5కు తగ్గినది, ఇది నిజము. అయితే చిన్న పెట్రోలు కార్లపై కూడ 2025 సెప్టెంబరు 22 నుండి 28 బదులు 18 అయినది గనుక వాని ధరయు దిగినది. పాత కరపత్రములలోని పోలికలు ఇపుడు పనికిరావు. కారు అప్పుపై వడ్డీకి ఆదాయపు పన్నులో లక్షన్నర వరకు మినహాయింపు కలదని కొందరు ఇంకను చెప్పుచున్నారట. అది 2019 ఏప్రిల్ 1 మొదలు 2023 మార్చి 31 లోపల మంజూరైన అప్పులకే చెల్లును. వ్యవసాయపు రాబడిపై ఆదాయపు పన్నే లేని రైతుకు ఆ మినహాయింపుతో మొదటినుండియు పని లేదు.

అన్నిటికంటె ముఖ్యముగా సంఘ సభ్యులకు చెప్పవలసినది, పంటఋణము పంటకే. తక్కువ వడ్డీకి దొరకినది గదా యని దానిని కారు బయానాకు త్రిప్పినవాడు ఎరువుల అదనున చేతులు చాచవలసి వచ్చును. గడువుకు కట్టలేక వడ్డీ రాయితీయు పోగొట్టుకొనును. కారునకు కారు అప్పే తీయవలెను, నెలవాయిదా పాలసొమ్మువలె నెలనెల వచ్చు రాబడినుండి కట్టగలిగినపుడే తీయవలెను.

ఇంక ఇంటిలోనికి పోదము. కరెంటు బిల్లుపై మంజూరైన లోడు ఎంతయని వ్రాసియుండును. మన పల్లెలలో అనేక గృహములకు అది ఒకటి రెండు కిలోవాట్లే. కారుతో వచ్చు చిన్న ఛార్జరు ఒక్కటే మూడు కిలోవాట్లకు పైగా లాగును. ఆ పక్కనే మోటారు, ఫ్రిజ్జి, ఏసీ ఉన్నచో ఏమగునో చెప్పనక్కరలేదు. కావున మొట్టమొదట విద్యుత్ సంస్థవారి సెక్షను కార్యాలయమున లోడు పెంపునకు దరఖాస్తు పెట్టవలెను. కారుకొరకు వేరుగ ఒక మీటరు కోరుటకును వినియోగదారునికి హక్కు కలదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము సవరించిన నియమములలో ఇది స్పష్టముగా చేర్చబడినది. గ్రామములలో కొత్త కనెక్షను ఇచ్చుటకుగాని, ఉన్నదానిని మార్చుటకుగాని గడువు ముప్పది దినములనుండి పదునైదు దినములకు తగ్గింపబడినదియు అప్పుడే. నెలకు రెండువేల కిలోమీటర్లు తిరుగువాని ఇంటి మీటరు పైన చెప్పిన మెట్లలో చివరి మెట్టునకు ఎక్కును. అట్టివాడు వాహనముల ఛార్జికి ఏర్పరచిన ప్రత్యేకపు ధర ఎంతో అడిగి, రెండు లెక్కలను పోల్చిచూచి వేరు మీటరు పెట్టించుకొనుట మంచిది. కొద్దిగా తిరుగువానికి ఇంటి మీటరే చాలును.

తీగ సంగతి. ఇస్త్రీపెట్టెయు, మిక్సీయు కొద్ది నిమిషములు లాగి ఊరుకొనును. కారు అట్లు కాదు. పదునాలుగు పదునైదు ఆంపియర్లను ఏడెనిమిది గంటలు ఎడతెగక లాగును. పాత ఇంటి సన్న తీగ మొదటి వారము ఓర్చుకొని, రెండవ వారమున వేడెక్కి, పిమ్మట సాకెట్టు కరగును. మీటరు బోర్డునుండి కారు నిలుచు తావునకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ప్రత్యేకముగా లాగించి, దానికి వేరుగ ఒక ఎం.సి.బి. పెట్టించి, చివర 16 ఆంపియర్ల మంచి సాకెట్టు బిగింపవలెను. ఆ తీగపై మరియొక వస్తువును తగిలింపరాదు. ఎక్స్‌టెన్షను బోర్డుతో ఛార్జి పెట్టుట ఎట్టి పరిస్థితిలోను కూడదు. గోడకు బిగించు 7.2 కిలోవాట్ల పెద్ద పెట్టె కొనుమని దుకాణమువారు ప్రోత్సహింతురు. దానికి ఇంకను లావు తీగ, ఇంకను ఎక్కువ లోడు కావలెను. దినమునకు నలువది కిలోమీటర్లు తిరుగు బండికి ఆరు యూనిట్లు చాలును. అది చిన్న ఛార్జరుతో రెండు గంటల పని. రాత్రియంతయు ఊరక నిలిచియుండు బండికి అంత తొందర యెందుకో మాకు తెలియలేదు.

ఎర్తును గూర్చి కొంత విపులముగా వ్రాయవలసియున్నది. కారు నాలుగు రబ్బరు చక్రములమీద నిలుచును గనుక దాని ఇనుప శరీరమునకు భూమితో స్పర్శ లేదు. లోపల ఎక్కడైన తీగ చెడి కరెంటు ఆ శరీరమునకు ప్రాకినచో, పోవుటకు దారి లేక అచటనే కాచుకొనియుండును. తడినేలపై వట్టికాళ్లతో నిలిచి తలుపు పట్టుకొన్నవాడే దానికి దారి యగును. పంపుసెట్టు స్టార్టరు పెట్టెను తాకి ప్రాణములు పోగొట్టుకొన్న రైతుల సంగతి మనకు తెలియనిది కాదు. అట్లు జరుగకుండ కరెంటును వెంటనే భూమిలోనికి లాగివేయునదే ఎర్తు తీగ. ఛార్జరు పెట్టెలు పెక్కింటిలో ఈ ఎర్తును పరీక్షించు ఏర్పాటు గలదు. ఎర్తు లేనిచో ఎఱ్ఱదీపము వెలిగి ఛార్జి మొదలు కాదు. మన పల్లె ఇండ్లలో మూడు రంధ్రముల సాకెట్టు ఉన్నను పై పెద్ద రంధ్రమునకు తీగయే ఉండదు గనుక, కారు తెచ్చిన మొదటి రాత్రి ఎఱ్ఱదీపము కనబడుట సామాన్యము.

అపుడు ఏమి చేయుదురు? ఒక గ్రామమున మేము చూచినది చెప్పుదుము. సాకెట్టు విప్పి చూడగా ఎర్తు రంధ్రమునకును న్యూట్రలు రంధ్రమునకును నడుమ జానెడు తీగముక్క ముడివేసియున్నది. ఎవరో పనివాడు వచ్చి అయిదు నిమిషములలో దీపము పచ్చగా చేసి పోయినాడట. ఇంటివారు అతని నేర్పును మెచ్చుకొనుచున్నారు. ఆ తీగముక్క ఛార్జరును మోసపుచ్చినది గాని భూమిని మోసపుచ్చలేదు. గాలివానకు స్తంభముమీద న్యూట్రలు తీగ తెగినచో ఏమగును? ఇంటిలో వెలుగుచున్న దీపముల గుండ, ఫ్రిజ్జి గుండ వచ్చిన కరెంటు తిరిగి పోవుటకు దారి లేక, ఆ తీగముక్క గుండ నేరుగ కారు శరీరమునకు వచ్చి చేరును. 230 వోల్టులు! కారు చెడలేదు, ఛార్జరు చెడలేదు. వాకిట ఆడుకొను బిడ్డ తలుపుమీద చేయి వేసిన చాలును. న్యూట్రలు తెగుట మన ఊళ్లలో ఎంత తరచుగా జరుగునో సభ్యులకే తెలియును. ఆ తీగముక్కను మేము ఆ క్షణమే తీయించితిమి. ఎర్తు గుంట త్రవ్వువరకు మూడు దినములు కారు కదలలేదు. ఇంటి పెద్దకు మాపై కొంచెము కోపము వచ్చినది గాని దానికేమి.

గుంట త్రవ్వుట పెద్ద పని కాదు. నీరు నిలుచు తావున, కుళాయి పారుదల పడుచోట, రెండున్నర మీటర్ల జింకుపూత ఇనుప గొట్టమును నిలువుగా పాతి, చుట్టును బొగ్గును ఉప్పును పొరలు పొరలుగా వేసి, నీరు పోయుటకు పైన గరాటు విడువవలెను. గొట్టమునుండి సాకెట్టువరకు లావైన తీగ, ముడులు లేకుండ రావలెను. నేలలను గూర్చి మాకు తెలిసిన మాట యొకటి చెప్పుదుము. నల్లరేగడి తడిని పట్టుకొని కరెంటును చక్కగా గ్రహించును. అయితే ఎండలకు నెఱ్ఱెలు విచ్చి గొట్టమునుండి విడిపోవును. ఎఱ్ఱచెలకలును, రాతినేలలును కరెంటును అంత సులభముగా గ్రహింపవు. అచట రెండు గొట్టములు ఎడముగా పాతి కలుపవలసి వచ్చును. ఏ నేలయైనను వేసవిలో వారమున కొకమారు రెండు కడవల నీరు పోయుట మరువరాదు. ఎర్తు నిరోధము కొలుచు సాధనము ఎలక్ట్రీషియనువద్ద నుండును. అయిదు ఓములకు మించకుండునట్లు చూపించి మరియే అతనికి కూలి ఇవ్వవలెను. దీనితోపాటు, ముప్పది మిల్లీఆంపియర్లు దారితప్పినను కరెంటును తటాలున ఆపివేయు ఆర్.సి.సి.బి. యను పరికరమును కూడ పెట్టించుట అవసరము. అది ఎర్తుకు తోడు గాని బదులు కాదు.

చేనిలోని పంపుసెట్టు కనెక్షనునుండి కారు ఛార్జి పెట్టుకొనవచ్చునా యని ఒకరిద్దరు మెల్లగా అడిగిరి. కూడదు. 2004 నుండి ఉచితముగా వచ్చుచున్న ఆ కరెంటు సేద్యమునకు ఇచ్చినది. ఇచ్చిన పనికి గాక వేరు పనికి వాడినచో 2003 నాటి విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద రెండింతల ధర కట్టవలసి వచ్చును. ఒక్కొకపుడు దొంగతనపు సెక్షనుకును పోవును. ఒక్కని కారు ఛార్జికొరకు ఊరందరి ఉచిత కరెంటుపై అధికారుల కన్ను పడుట న్యాయము కాదు.

కారు నిలుపు తావు నీడగా ఉండవలెను. లిథియము బ్యాటరీకి వేడియే శత్రువు. మన కోస్తా రోహిణి ఎండలో బయట నిలిపి, వచ్చిన వెంటనే ఛార్జి తగిలించుట దానికి మంచిది కాదు, ఒక గంట చల్లారనీయవలెను. గడ్డివామికిని, వంటచెరకునకును, డీజిలు పీపాలకును దూరముగా నుంచవలెను. పశువుల కొట్టములో పెట్టువారు ఎలుకల సంగతి మరువరాదు. అవి తీగల పైతొడుగును కొరుకును. రాత్రి పదిగంటల తరువాత ఛార్జి పెట్టుట ఉత్తమము. సాయంకాలము దీపములు వెలుగువేళ వోల్టేజి పడిపోయి ఛార్జరు ఆగుచు సాగుచు ఉండును.

ఇంటికప్పుపై సూర్యపలకలు వేయదలచినవారికి 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లు లేక ఆపై వానికి 78,000 రూపాయల సహాయము ఏర్పరచిరి. మూడు కిలోవాట్ల పలకలు సగటున దినమునకు పన్నెండు యూనిట్ల వరకు ఇచ్చును. ఇంటికిని, మితముగా తిరుగు కారుకును అది ఇంచుమించు సరిపోవును. దూరప్రయాణములలో రహదారి ప్రక్కన వేగముగా ఛార్జి ఎక్కించు కేంద్రములు గలవు గాని అచటి ధర ఇంటి ధరకు రెండు మూడింతలుండును. నిత్యము వానిపై ఆధారపడువానికి పైన వ్రాసిన లాభము చాల భాగము కరగిపోవును.

తుదకు సంఘము ఆలోచింపవలసిన సంగతి యొకటి మిగిలినది. మన వీథులలో చాలచోట్ల ట్రాన్స్‌ఫార్మరు 25 కె.వి.ఎ. ది. ఒకే వీథిలో అయిదుగురు పెద్ద ఛార్జరులు పెట్టించి ఒకే వేళ తగిలించినచో అవియే ముప్పదియారు కిలోవాట్లు లాగును. ట్రాన్స్‌ఫార్మరు కాలి, కారు లేనివారి ఇండ్లలో కూడ చీకటి పడును. కారు ఉన్నవారు ముందుగా మాటలాడుకొని వంతులు ఏర్పరచుకొనవలెను. మునుపు కాలువ నీటికి వంతులు పెట్టుకొన్నవారమే గదా. ఎర్తు లేని పెంకుటిండ్లవారికి, వాకిలి చాలనివారికి సంఘపు గోదామువద్ద వేరు మీటరుతో ఒకటి రెండు సాకెట్లు పెట్టించి, వాడుకొన్నంతకు రుసుము పుచ్చుకొను ఏర్పాటు చేయవచ్చునేమో పాలకవర్గమువారు విచారింపగలరు. గోదామునకు త్రీఫేజు కనెక్షను ఎట్లును ఉన్నది. దాని మంజూరు లోడు ఎంతో, వీథి ట్రాన్స్‌ఫార్మరుపై మిగులు ఎంతో లైనుమానును అడిగి వ్రాసియుంచిన యెడల రాబోవు సమావేశమున ఆ లెక్కమీదనే మాటలాడుకొనవచ్చును.